రాక, పోక ఒక్క తీరే. అరైవల్, డిపార్చర్ ఎందుకు వేరు?

కాజీపేట జంక్షన్‌లో రైలు కోసం నిలబడ్డవాళ్ల చెవిన రెండు ఇంగ్లీషు మాటలు పదే పదే పడుతుంటాయి: అరైవల్, డిపార్చర్. సికింద్రాబాద్ నుంచి వచ్చే లైను ఇక్కడే రెండుగా చీలి ఒకటి బల్హార్షా మీదుగా ఢిల్లీకి, ఇంకొకటి విజయవాడకు పోతుంది. అందుకే ఇక్కడ రాకపోకలకు కొదవ లేదు. తెలుగులో చెబితే రాక, పోక. రెండింటి చివరా 'క' ఉంది, చిక్కేం లేదు. ఇంగ్లీషులో మాత్రం అరైవ్ అయితే అరైవల్, డిపార్ట్ అయితే డిపార్చర్. డిపార్టల్ ఎందుకు కాదు? అరైవ్‌మెంట్ అంటే తప్పేంటి? హనుమకొండలో బ్యాంకు పరీక్షకో ఎస్సెస్సీకో చదివే పిల్లలు ఈ ప్రశ్న అడిగితే సాధారణంగా దొరికే జవాబు ఒకటే: "అది అంతే, బట్టీ పట్టు."

బట్టీ పట్టడానికి ఒక పట్టిక కూడా ఉంటుంది. మూడు నిలువు గడులు: క్రియ, నామవాచకం, విశేషణం. ఏ గైడు తెరిచినా ఇదే. రెఫ్యూజ్ పక్కన రెఫ్యూజల్, అక్యూజ్ పక్కన అక్యుజేషన్, చూజ్ పక్కన చాయిస్, లూజ్ పక్కన లాస్. వినడానికి దాదాపు ఒకేలా ఉన్న నాలుగు క్రియలకు నాలుగు రకాల తోకలు. ఈ పట్టికలో పెద్ద లోపం ఒకటుంది. వెయ్యేళ్ల నాటి మాటనూ నాలుగు వందల ఏళ్ల కిందటి మాటనూ పక్కపక్కన కూర్చోబెట్టి, అన్నీ ఒకే రోజు పుట్టినట్టు చూపిస్తుంది. ఏ మాట ఏ కాలంలో, ఎవరి నోటి నుంచి వచ్చిందో తెలిస్తే సగం గందరగోళం అక్కడే పోతుంది.

ముందు రైల్వే మాటల సంగతే చూద్దాం. అరైవ్, డిపార్ట్ రెండూ ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినవే. అరైవ్ అంటే మొదట్లో పడవ ఒడ్డుకు చేరడం. కాజీపేటలో సముద్రమే లేదు, అది వేరే సంగతి. 'అల్' అనే తోకకు ఒక అలవాటు ఉంది. క్రియలో చివరి అక్షరం మీద ఊనిక, అంటే పలికేటప్పుడు పడే బరువు, పడితేనే అది అతుక్కుంటుంది. అరైవ్, రెఫ్యూజ్, డినై, ప్రపోజ్, అప్రూవ్, రిమూవ్, సర్వైవ్: పలికి చూస్తే అన్నింట్లోనూ బరువు చివరే. అందుకే అరైవల్, రెఫ్యూజల్, డినయల్, ప్రపోజల్, అప్రూవల్. ఊనిక మొదట పడే ప్రామిస్, ఆఫర్, విజిట్ లాంటి మాటలకు 'అల్' రాదు. అయితే ఇది ఒకవైపు మాత్రమే నడిచే సూత్రం. చివర ఊనిక ఉన్న ప్రతి క్రియకూ 'అల్' వస్తుందని కాదు. డిపార్ట్‌కు అప్పటికే ఫ్రెంచి నుంచి డిపార్చర్ సిద్ధంగా వచ్చి కూర్చుంది, ఇంకో మాటకు చోటు లేకపోయింది. ఈ సూత్రానికి ఎదురు తిరిగేది బరియల్ ఒక్కటే అనిపిస్తుంది. దాని కథ వేరు. అది అసలు ఫ్రెంచి తోక కాదు. పాత ఇంగ్లీషులో సమాధికి ఉన్న మాట చివరి 'స్'ను జనం బహువచనం అనుకుని కొట్టేశారు. మిగిలిన ముక్క 'అల్'లా వినిపించేసరికి అందులో కలిసిపోయింది.

ఇంగ్లీషును తిట్టుకునే ముందు మన ఇంట్లో ఏముందో చూసుకోవాలి. రాక, పోక ఒక్క తీరే ఉన్నాయని సంబరపడ్డాం. గెలుపు, ఓటమి? గెలుచుకు 'పు', ఓడుకు 'టమి'. పుట్టుక, చావు? ఇంగ్లీషులో బర్త్, డెత్ రెండింటికీ ఒకే తోక, మనకే వేర్వేరు. నడుచు అంటే నడక, ఏడ్చు అంటే ఏడుపు, నమ్ము అంటే నమ్మకం, తిను అంటే తిండి, ఒత్తు అంటే ఒత్తిడి, రాయు అంటే రాత, కోరు అంటే కోరిక. నవ్వు, దగ్గు, తుమ్ము, తిట్టు, చదువు అయితే ఏ తోకా లేకుండా అటు క్రియలుగా, ఇటు నామవాచకాలుగా నడిచిపోతాయి, అచ్చం ఇంగ్లీషులో కాల్, వాక్, హెల్ప్ లాగే. ఏడ్చుకు 'ఏడ్వకం' ఎందుకు రాదని తెలుగు పిల్లలెవరూ అడగరు. ఈ మాటలు వినీ వినీ నోటికి వచ్చేస్తాయి. మన వ్యాకరణం వీటిని భావార్థక కృదంతాలని పేరు పెట్టి వరుసలు కట్టింది గానీ, ఆ వరుసలు చదివి తెలుగు నేర్చుకున్నవాళ్లు లేరు.

ఇంకా విచిత్రం, రెండు భాషలకూ కుదిరిన ఒక పోలిక. ఆడు–ఆట, పాడు–పాట, వండు–వంట, పండు–పంట, మండు–మంట. క్రియలో 'డ' ఉంది, నామవాచకానికి వచ్చేసరికి 'ట' అయింది. అంటే మెత్తని శబ్దం గట్టిపడింది. మన వ్యాకరణం మాటల్లో సరళం పరుషమైంది. ఇంగ్లీషులో లివ్–లైఫ్, ప్రూవ్–ప్రూఫ్, బిలీవ్–బిలీఫ్, గ్రీవ్–గ్రీఫ్, అడ్వైజ్–అడ్వైస్ చూడండి. క్రియలో 'వ్', 'జ్'. నామవాచకంలో 'ఫ్', 'స్'. ఇల్లు అనే హౌస్ చివర 'స్', ఇల్లు కల్పించడం అనే క్రియగా వాడితే అదే 'హౌజ్'. పాత ఇంగ్లీషులో ఇలాంటి క్రియల చివర ఒక అచ్చు ఉండేది. రెండు అచ్చుల మధ్య పడి శబ్దం మెత్తబడింది. తర్వాత ఆ అచ్చు రాలిపోయినా మెత్తదనం మాత్రం మిగిలింది. వెనక వచ్చిన ఫ్రెంచి మాటలు కూడా ఈ వరుసలోనే చేరిపోయాయి. తెలుగులో ఇది జరగడానికి కారణాలు వేరు, కానీ ఫలితం పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. అడ్వైజ్, అడ్వైస్‌లలో ఏది క్రియో, ఏది కాదో తికమక పడేవాళ్లు ఆడు–ఆట గుర్తు చేసుకుంటే చాలు: గట్టి శబ్దం ఎటుంటే అటు నామవాచకం.

ఇంగ్లీషు సొంత తోకల్లో 'త్' పాతది. గ్రో–గ్రోత్, హీల్–హెల్త్, బేర్–బర్త్, స్టీల్–స్టెల్త్. స్టెల్త్‌కు మొదట దొంగతనం అనే అర్థమే. ఇప్పుడు చప్పుడు కాకుండా చేసేదేదైనా స్టెల్త్ అయింది. దొంగతనం అర్థాన్ని థెఫ్ట్ లాక్కుంది. అది థీఫ్ నుంచి పుట్టిన మాట, స్టీల్‌తో దానికి చుట్టరికం లేదు. పట్టికలో స్టీల్ పక్కన థెఫ్ట్ అని ఉండటానికి వెనక ఉన్నది ఇంత కథ. కొన్ని శబ్దాల తర్వాత 'త్' గట్టిపడి 'ట్' అయింది: గివ్–గిఫ్ట్, డ్రైవ్–డ్రిఫ్ట్, ఫ్లై–ఫ్లైట్, వే–వెయిట్. ఈ గుంపులో వరంగల్ వాళ్లకు బాగా దగ్గరైన మాట ఒకటుంది. వీవ్ అంటే నేయడం, దాని నుంచి వెఫ్ట్. కొత్తవాడ మగ్గాల మీద జంపఖానాలు నేసేవాళ్లు దాన్ని పేక అంటారు. నిలువుగా సాగేది పడుగు, అడ్డంగా దూరేది పేక. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, వెఫ్ట్ అనే మాట ఏ పరీక్షలోనూ రాదు. అలాగే టిల్ అంటే దున్నడం, దాని నుంచి టిల్త్. దున్ను–దుక్కి అన్నంత సహజంగా ఉంది కదా! ఇంత పాత పనులకు పాత తోకలే ఉంటాయి. ఈ రోజు కొత్తగా వచ్చే క్రియకు ఎవరూ 'త్' తగిలించరు.

తర్వాతి పొర రాజ్యం మారినప్పుడు పడింది. 1066లో నార్మండీ నుంచి వచ్చిన విలియం ఇంగ్లండును గెలిచాడు. ఆ తర్వాత మూడు వందల ఏళ్ల దాకా కోర్టులో, కొలువులో ఫ్రెంచే పెద్ద భాష. కోర్టు వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం చేశారు, తమాషా ఏమంటే ఆ చట్టాన్ని కూడా ఫ్రెంచిలోనే రాశారు. ఈ కాలంలో జడ్జిమెంట్, పేమెంట్, ట్రయల్, మ్యారేజ్, కంప్లైంట్ లాంటివి చాలావరకు తయారు సరుకుగా దిగాయి. అంటే ఇంగ్లీషువాళ్లు పే అనే క్రియకు 'మెంట్' తగిలించి పేమెంట్ చేసుకున్నారని అనుకోనక్కరలేదు. క్రియా నామవాచకమూ రెండూ ఒకే బండిలో వచ్చాయి. కొన్నిచోట్ల క్రియ సొంతది, నామవాచకం అరువుది: చూజ్ ఇంగ్లీషు మాట, చాయిస్ ఫ్రెంచి మాట. ఇద్దరూ వేరే ఇళ్లలో పుట్టి పట్టికలో మాత్రం ఒకే గడప తొక్కారు.

ఓరుగల్లు ప్రాంతానికి ఇది కొత్త అనుభవం కాదు. 1948 దాకా ఇది నిజాం రాజ్యం. మొదట పారశీకం, తర్వాత ఉర్దూ దఫ్తరు భాషలు. తహసీలాఫీసులో ఇప్పటికీ దరఖాస్తు పెడతాం, రసీదు తీసుకుంటాం, ఖరీదు అడుగుతాం, ఉద్యోగిని బర్ఖాస్తు చేశారంటాం. ఈ నాలుగూ పారశీక నామవాచకాలే, నాలుగూ ఒకే సూత్రంతో తయారయ్యాయి. పారశీకంలో ఖరీదన్ అంటే కొనడం, రసీదన్ అంటే అందడం, దర్ఖాస్తన్ అంటే కోరడం, బర్ఖాస్తన్ అంటే లేవడం. చివరి 'అన్' తీసేయండి, నామవాచకం వచ్చేస్తుంది. మనకు ఆ సూత్రంతో పని పడలేదు. తయారైన మాటను తీసుకుని చివర ఉకారం పెట్టుకున్నాం, అంతే. రసీదుకూ ఇంగ్లీషు రిసీట్‌కూ ఏదో చుట్టరికం ఉందని చాలామంది అనుకుంటారు. ఏమీ లేదు. అర్థంలో, ధ్వనిలో ఇంత దగ్గరగా రావడం కేవలం కాకతాళీయం. రిసీట్ లాటిన్ కుటుంబానిది. లాటిన్‌లో ఒక 'ప్' ఉందని పండితులు స్పెల్లింగులో ఆ అక్షరాన్ని మళ్లీ దూర్చారు, పలకడం మాత్రం ఎవరూ మొదలుపెట్టలేదు. అదే కుటుంబంలోని డిసీట్, కన్సీట్‌లను వదిలేశారు. ఇది పండితుల పని, దీనికి తర్కం వెతికి లాభం లేదు.

లాటిన్ పొర చూడటానికి భయపెడుతుంది గానీ, మూడింట్లో ఇదే తేలిక. మనకు సంస్కృతం ఎలాగో ఇంగ్లీషుకు లాటిన్ అలాగ. పరిశీలించు–పరిశీలన, ఆలోచించు–ఆలోచన, విస్తరించు–విస్తరణ అన్నట్టు ఒక కుటుంబంలోని మాటలన్నీ ఒకేలా మారతాయి. పర్మిట్, అడ్మిట్, సబ్మిట్ వరుసగా పర్మిషన్, అడ్మిషన్, సబ్మిషన్. ప్రొడ్యూస్, రెడ్యూస్, ఇంట్రడ్యూస్ అన్నింటికీ 'డక్షన్'. 'ఫై'తో ముగిసేవి చాలావరకు 'ఫికేషన్' అవుతాయి. సర్కారు కొలువు కోసం ఎదురుచూసేవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు: నోటిఫికేషన్ పడిందా, క్వాలిఫికేషన్ ఉందా, సర్టిఫికెట్ల వెరిఫికేషన్ ఎప్పుడు? వాళ్ల జీవితమంతా ఈ తోక మీదే వేలాడుతోంది. సాటిస్ఫై లాంటి కొన్ని మాత్రం సాటిస్ఫాక్షన్‌లా మారతాయి, వాటిని విడిగా గుర్తుంచుకోవాలి.

ఒకే క్రియకు రెండు నామవాచకాలు ఉన్నప్పుడు తంటా మొదలవుతుంది. అటెండ్ నుంచి అటెన్షన్ ఉంది, అటెండెన్స్ ఉంది. కాలేజీలో అటెండెన్స్ తగ్గితే పరీక్ష రాయనివ్వరు. అటెన్షన్ తగ్గితే ఎవరికీ తెలియదు. రెమిట్ నుంచి రెమిటెన్స్, రెమిషన్. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు ఇంటికి పంపే డబ్బు రెమిటెన్స్. ఖైదీకి శిక్షలో కొంత తగ్గిస్తే అది రెమిషన్. రిసీవ్‌కు రిసీట్ కొట్టులో, రిసెప్షన్ పెళ్లి మర్నాడు. పర్మిట్ అయితే మరీ చోద్యం. క్రియగా ఊనిక చివర, నామవాచకంగా ఊనిక మొదట. వైన్స్ పక్కనుండే పర్మిట్ రూము నామవాచకం, పర్మిషన్ ఇంకో నామవాచకం. రికార్డ్, ప్రొటెస్ట్, ఎక్స్‌పోర్ట్, ఇన్సల్ట్ కూడా ఈ ఊనిక జాతివే. తెలుగులో ఊనికతో అర్థం మారదు కాబట్టి మన చెవి ఈ తేడాను పట్టదు, నోరు చూపించదు. ఒకే క్రియకు రెండు నామవాచకాలుండే జంటలు తెలుగులోనూ ఉన్నాయి. విస్తరించుకు విస్తరణ ఒకటి, విస్తారం ఒకటి; రోడ్డు విస్తరణ అంటాం, రోడ్డు విస్తారం అనం.

అసలు చిక్కు ఇంగ్లీషులో ఉన్నంత మన అరువు పద్ధతిలోనూ ఉంది. తెలుగులో ఇంగ్లీషు మాట వాడాలంటే దాని వెనక ఒక చేయు, ఒక అవ్వు తగిలిస్తే సరి. ఆ మాట క్రియా, నామవాచకమా అని చేయు అడగదు. డిస్కస్ చేద్దాం, డిస్కషన్ చేద్దాం రెండూ చెల్లుతాయి. సెలెక్ట్ అయిండు, సెలెక్షన్ అయింది రెండూ చెల్లుతాయి. పరీక్షలో ఒకడు ఫెయిల్ అయిండు, ఇంకొకడు సక్సెస్ అయిండు. గమనించారా? ఫెయిల్ క్రియ, సక్సెస్ నామవాచకం. తెలుగు వాక్యంలో రెండింటికీ ఒకే కుర్చీ. అదే పిల్లవాడు ఇంగ్లీషులో రాసేటప్పుడు 'ఐ విల్ సక్సెస్' అని రాస్తాడు. గ్రామర్ రాదని కొట్టిపారేస్తారు గానీ, ఆ తప్పులో ఒక తర్కం ఉంది. తెలుగులో వాడిన మాటను వాడినట్టే తీసుకెళ్లి అక్కడ పెట్టాడు. సక్సీడ్ అనే క్రియ హనుమకొండ వీధుల్లో ఎవరి నోటా వినిపించదు. తెలుగు దాన్ని దిగుమతి చేసుకోలేదు. టెన్షన్ కూడా అంతే. టెన్షన్ పడతాం, పెడతాం, తీసుకుంటాం. దాని వెనక ఉన్న క్రియ ఏమిటో ఎవరికీ పట్టదు. లాస్ అయింది అని పత్తి రైతు చెబుతాడు, లూజ్ అయింది అంటే మాత్రం నట్టు గురించి మాట్లాడుతున్నాడని అర్థం.

ఇందులో లాభం కూడా ఉంది. అడ్మిషన్, రిజిస్ట్రేషన్, ట్రీట్‌మెంట్, డెలివరీ, రికవరీ, ప్యాకేజీ, లీకేజీ, మెయింటెనెన్స్, సిగ్నేచర్: ఇంగ్లీషు అక్షరం రాని అవ్వ కూడా వీటిలో సగం వాడుతుంది. 'శన్', 'మెంట్', 'ఏజీ', 'చర్' తోకలన్నీ ఆమె నోట్లోనే ఉన్నాయి. గైడులోని పట్టిక క్రియ నుంచి నామవాచకానికి నడిపిస్తుంది. మనవాళ్లకు నామవాచకం ముందే తెలుసు కాబట్టి దారి తిప్పి, రికవరీ నుంచి రికవర్‌కు, సిగ్నేచర్ నుంచి సైన్‌కు నడిపిస్తే పని తేలికవుతుంది. ఒక జాగ్రత్త చాలు, పలికేటప్పుడు అచ్చు మారుతుంది. మెయింటెయిన్ అయినా మెయింటెనెన్స్, ప్రొనౌన్స్ అయినా ప్రొనన్సియేషన్. దీన్ని 'ప్రొనౌన్సియేషన్' అని పలికే టీచర్లకు కొదవ లేదు, ఆ మాటకు ఉన్న అర్థాన్ని బట్టి అది కొంచెం నవ్వు తెప్పించే తప్పు.

ఇక ఈ గొడవంతా లేకుండా ఏ క్రియకైనా అతికే తోక ఇంగ్లీషులో ఒక్కటే: 'ఇంగ్'. అరైవింగ్, లూజింగ్, చూజింగ్, దేనికైనా సరే. తెలుగు రాతలో దానికి సాటి 'డం': చేయడం, తినడం. తెలంగాణ మాటలో 'ఉడు': చేసుడు, తినుడు, వచ్చుడు, పోవుడు. కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9న ఏటా తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకుంటున్నా, ఈ 'ఉడు'కు పాఠ్యపుస్తకం వాక్యాల్లో చోటు దొరకడం ఇప్పటికీ అరుదు. ఇంగ్లీషు వ్యాకరణం చెప్పడానికి దీనికన్నా మంచి పనిముట్టు లేదు. పాడుడు అంటే సింగింగ్, పాట అంటే సాంగ్. తినుడు ఈటింగ్, తిండి ఫుడ్. మాట్లాడుడు స్పీకింగ్, మాట స్పీచ్. ఓడిపోవుడు లూజింగ్, ఓటమి లాస్. 'ఉడు' పెడితే పని జరుగుతున్నట్టు కనిపిస్తుంది, పాత తోక పెడితే ఆ పని వల్ల మిగిలిన వస్తువో ఫలితమో కనిపిస్తుంది. ఖాళీలో ఏ రూపం పెట్టాలో తేలకపోతే ఆ వాక్యాన్ని ఇంటి భాషలో అనుకుని, అక్కడ పాడుడు వస్తుందా పాట వస్తుందా అని చూసుకుంటే చాలాసార్లు జవాబు దొరుకుతుంది.

చాలాసార్లే, ఎప్పుడూ కాదు. 'ఇంగ్' కూడా అప్పుడప్పుడు గడ్డకట్టి వస్తువుగా మారుతుంది. వెడ్డింగ్, మీటింగ్, బిల్డింగ్ అలాంటివి. బిల్డ్ చేయడమూ బిల్డింగే, కట్టిన మేడా బిల్డింగే. రాతలోని తెలుగులోనూ సరిగ్గా ఇదే జరిగింది. రుద్రదేవుడు వేయిస్తంభాల గుడి కట్టడం 1163 నాటి ముచ్చట. ఆ గుడి కాకతీయుల కట్టడం. ఒకే మాట, మొదటిసారి పని, రెండోసారి రాయి. హనుమకొండలో ఇంటి ముందు ఇసుక పోయించుకున్న మనిషి మాత్రం ఈ తికమకలో పడడు. ఇల్లు కట్టుడు మొదలుపెట్టినమంటాడు. అది పూర్తయ్యాక దాన్ని కట్టుడు అని ఎవరూ అనరు.